ముందు బోర్డు తుడిచెయ్యి

జూన్ 19

అత్తా,

నాన్న ఈపాటికి చెప్పే ఉంటాడు, నాకు ఉద్యోగం వచ్చింది. ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఏడాది పాటు చూసి, పనికొస్తాననుకుంటే ఉంచుతారు, లేకపోతే దణ్ణం పెట్టి పంపిస్తారు. ఇప్పటి వరస చూస్తే దణ్ణం పెట్టేదాకా కూడా ఆగేట్టు లేరు.

నా గొడవంతా బోర్డుతోనే. లెక్కలు రాక కాదు. నోటితో చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాను. సుద్దముక్క పట్టుకుని అటు తిరిగానంటే చాలు, ఎడమ పక్క మొదలైన వరస కుడి పక్కకి చేరేసరికి పల్లానికి జారిపోతుంది. చివరి అంకెలకి చోటు చాలక చెక్క చట్రం మీదికి ఎక్కిస్తున్నాను. సగం లెక్క చెరిపి మిగతా సగం రాస్తే "టీచర్, మేం ఇంకా ఎక్కించుకోలేదు" అని ఒకటే గోల. నిన్న హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి, "ఏమ్మా, బోర్డు మీద కోళ్లు కెలికాయా?" అనేసి వెళ్లిపోయారు.

అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. నేను గదిలోకి వెళ్లేసరికే బోర్డు నిండా ఏవేవో రాతలు ఉంటాయి. మొన్న నా బొమ్మే వేశారు. సుద్దముక్కకి కాళ్లూ చేతులూ జడా పెట్టి, కింద 'సుద్దముక్క టీచర్' అని రాశారు. నేను పొట్టిగా పుడితే అది నా తప్పా? అది చదివాక కళ్లలో నీళ్లు ఆగలేదు. డస్టరు కింద పడినట్టు వంగి కళ్లు తుడుచుకున్నాను. పిల్లలు కనిపెట్టేశారు. ఆ రోజిక పాఠం సాగితే ఒట్టు.

నీ జీవితమంతా బోర్డు ముందే గడిపావు కదా. నాకేదైనా దారి చెప్పు. నాన్నకి మాత్రం చెప్పకు, "నేను ముందే అన్నాను" అని అందుకుంటాడు.

నీ మేనకోడలు


జూన్ 26

కోడలు పిల్లకి,

ఏడిస్తే ఏడ్చావు గానీ, వాళ్లకి కనబడేలా ఏడవడమేంటే? మీ నాన్న చిన్నప్పుడు ఇంతే, దెబ్బ తగలకముందే మొదలుపెట్టేవాడు. అన్నీ ఆ పోలికలే.

సరే, విను. ముందు నీ రాత ఎందుకు జారుతోందో చెబుతాను. నువ్వు ఒకచోట నిలబడి చెయ్యి మాత్రం చాస్తున్నావు. చెయ్యి దూరం వెళ్లేకొద్దీ కిందికి వాలుతుంది, ఎవరిదైనా అంతే. రాస్తూ నువ్వు కూడా నడవాలి. కావాలంటే పిల్లలు రాకముందే సుద్దతో కనీ కనిపించని చుక్కలు పెట్టుకో, వాటిని పట్టుకుని రాయి. సుద్దముక్క కొత్తది పట్టుకోకు, విరిచి సగం పట్టుకో, అప్పుడు కీచుమనదు.

బోర్డంటే గోడ కాదే, ఇల్లనుకో. ఇంట్లో గదులుండవూ? ఎడమ పక్క సన్నగా ఒక అర వదులు. పాఠం పేరు, గంట కొట్టేదాకా ఉండాల్సిన సూత్రం అక్కడ రాయి, దాని జోలికి వెళ్లకు. మధ్యలో అసలు పాఠం. కుడి పక్క చిల్లర లెక్కలు. చెరిపితే కుడి పక్కే చెరుపు. రాసేటప్పుడు మాట్లాడకు, బోర్డుకి చెవుల్లేవు. రాయి, పక్కకి తప్పుకో, వాళ్లని చదవనివ్వు, అప్పుడు నోరు విప్పు. రంగు సుద్ద ఉప్పులాంటిది, ఎవరూ చూడకుండా పోకూడదనుకున్న దానికే వాడు.

ముందు బెంచీ బోర్డుకి మరీ దగ్గరగా ఉండకూడదు, మూలన కూర్చున్న వాళ్లకి మెరుపు కొట్టి ఏమీ కనబడదు. బెంచీలు వెనక్కి జరిపించు. చివరి బెంచీలో కూర్చున్న పిల్లని రోజూ అడుగు, "కనిపిస్తోందా?" అని. ఆ పిల్లకి కనిపిస్తే అందరికీ కనిపించినట్టే.

ఇక నీ పెద్ద బాధ. దానికి మందు చాలా చిన్నది. పిల్లలకంటే ముందు నువ్వు గదిలో ఉండు. లోపలికి అడుగు పెట్టగానే ముందు బోర్డు తుడిచెయ్యి. దాని మీద ఏముందో చదవకు. కన్నెత్తి చూడకు. చదివావో, వాళ్ల చేతికి చిక్కావు. నా గురించి పిల్లలు బోర్డు మీద ఏమేం రాశారో నాకు ఈనాటికీ తెలియదు, అందుకే హాయిగా నిద్రపోయాను. వాళ్లు వచ్చేసరికి బోర్డు నల్లగా నిగనిగలాడుతూ ఉండాలి.

నా మోకాళ్లు మెట్లు దిగనంటున్నాయి. కింది వాటాలో దర్జీ నన్ను చూసినప్పుడల్లా "మోకాలికి అతుకు వేయమంటారా?" అంటాడు. వాడి నోటికి వేయాలి కుట్టు.

మీ అత్త


జూలై 14

అత్తా,

నీ కాళ్లకి దణ్ణం, మోకాళ్లతో సహా.

ఇల్లు, గదులు అన్నావు చూడు, అక్కడే నాకు తలుపు తెరుచుకుంది. ఇప్పుడు ఎడమ అర, నడిమి గది, పెరడు అని పిల్లలే అంటున్నారు. "టీచర్, ఆ లెక్క పెరట్లోది, చెరిపెయ్యండి" అంటారు. నిన్న హెడ్మాస్టరు మళ్లీ కిటికీ దగ్గర ఆగారు. ఈసారి కోళ్ల ఊసెత్తలేదు. సాయంత్రం మిగతా టీచర్లతో, "బోర్డు ఎలా వాడాలో ఆ పొట్టి అమ్మాయిని చూసి నేర్చుకోండి" అన్నారట. పొట్టి అనకుండా పొగడలేరు కాబోలు.

చివరి బెంచీలో ఒక పొడుగమ్మాయి ఉంది. పిల్లలు 'నిచ్చెన' అని పిలుస్తారు. మొదట ఉడుక్కునేది, 'సుద్దముక్క' నా పేరని తెలిశాక జట్టు కట్టింది. బోర్డు పైఅంచు నాకు అందదని, రోజూ తనే వచ్చి తేదీ రాసి వెళ్తుంది. నువ్వు రోజూ అడగమన్న ప్రశ్న తననే అడుగుతాను, "కనిపిస్తోందా?" అని. "కనిపిస్తోంది టీచర్" అంటుంది, బడంతా వినబడేలా. ఒకరోజు నేనింకా ఏమీ రాయకముందే "కనిపిస్తోంది టీచర్" అంది. నవ్వాపుకోలేకపోయాను.

తుడవడం కూడా నీ మాట ప్రకారమే. తల దించుకుని వెళ్లి, డస్టరు తీసుకుని, పైనుంచి కిందికి లాగేస్తాను. మొదటి రోజుల్లో కళ్లు అటే లాగేవి. ఇప్పుడు అలవాటైపోయింది. నా గురించి ఏం రాస్తున్నారో నాకు తెలియదు. నేనూ హాయిగానే నిద్రపోతున్నాను.

ఇక్కడ వానలు మొదలయ్యాయి.

నీ సుద్దముక్క


జూలై 30

సుద్దముక్కకి,

నీ ఉత్తరం దర్జీకి కూడా చదివి వినిపించాను. "మీ పాఠం అంత దూరం నుంచి కూడా వినబడుతోందన్నమాట" అన్నాడు. మొదటిసారి వాడి నోట మంచి మాట వచ్చింది.

ఉద్యోగం మానేశాక నేనెవరికీ పనికిరానని అనుకుంటూ ఉండేదాన్ని. మంచం, మందులు, కిటికీ, ఇంతే కదా. నేను నిలబడలేని చోట నువ్వు నిలబడి నా పద్ధతిలో రాస్తున్నావంటే, చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉంది. ఆ నిచ్చెనని అడిగానని చెప్పు. పద్ధతి మాత్రం వదలకు, ఒక్కరోజు కూడా.

మీ అత్త


ఆగస్టు 3

అత్తా,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వది రాసిన రోజునే ఇక్కడ మా తరగతి పైకప్పు పెచ్చు ఊడిపడింది. వెనక బెంచీల మీద పడింది. నలుగురికి దెబ్బలు తగిలాయి. నిచ్చెన చనిపోయింది.

భిన్నాలు చెబుతున్నాను. తను వచ్చి తేదీ రాసి వెళ్లింది. నేను ఎడమ అరలో సూత్రం రాసి, పక్కకి తప్పుకుని, కనిపిస్తోందా అని అడిగాను. కనిపిస్తోంది టీచర్ అంది. నేను బోర్డు వైపు తిరిగాను. వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే తెల్లటి దుమ్ము. ఒక్క క్షణం అది సుద్దపొడి అనుకున్నాను అత్తా.

ఆ రోజు కూడా అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు. అదే నన్ను తినేస్తోంది. ఇంతకంటే రాయలేను.

నీ మేనకోడలు


ఆగస్టు 9

నా తల్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. కన్నవాళ్ల సంగతి తలుచుకోవడానికే భయంగా ఉంది.

కానీ, అన్నీ చెప్పినట్టే చేశాను, అదే తినేస్తోంది అని రాశావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. పాఠం చక్కగా చెబుతుండగా కప్పు కూలితే పాఠానిదా తప్పు? ఆ కప్పు నువ్వు వేశావా? మరమ్మతు చేయించాల్సింది నువ్వా? గొడ్డలి ఒకరిది, గాయం ఒకరిది, ఏడుపు నీదా? నీ మనసు మెత్తన, అందుకని ప్రతి రాయీ నీకే తగులుతోంది.

ఇప్పుడు విచారణ అంటారు. పెద్దవాళ్లంతా చేతులు కడుక్కోవడానికి నీళ్లు వెతుక్కుంటారు. నువ్వు కొత్తదానివి, ఏడాది కూడా నిండలేదు, నీ నెత్తినే పోస్తారు. నాకు ఈ తంతులన్నీ తెలుసు. అందుకే చెబుతున్నాను. అడిగితే చూసింది చెప్పు. చూడనిది చూడలేదను. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు. నేను తప్పు చేశానేమో లాంటి మాటలు పొరపాటున కూడా నోట రానివ్వకు.

వేళకి తిను. పడుకునేటప్పుడు దీపం తీయకపోతే తీయకు, భయమేస్తే అలాగే పడుకో.

మీ అత్త


ఆగస్టు 24

అత్తా,

విచారణ అయింది. నువ్వు చెప్పినట్టే మాట్లాడాను. ఇప్పుడు నీకు అంతా చెప్పాలి. చెప్పకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

మా బడిలో రెండు షిఫ్టులు. నీకు రాయడం గుర్తు లేదు, అది చెప్పుకోవాల్సిన సంగతని కూడా అనుకోలేదు. పొద్దున అదే గదిలో ఒక పెద్ద మాస్టారు చిన్న పిల్లలకి చెబుతారు. మేం వచ్చేసరికి ఆయన వెళ్లిపోతారు. ఆయన్ని అందరూ 'మతిమరుపు మాస్టారు' అంటారు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని బడంతా వెతికిస్తారు, ఒకసారి తన తరగతి అనుకుని పక్క తరగతికి సగం పాఠం చెప్పేశారట.

ఆయన విచారణలో ఏం చెప్పారంటే, ఆ రోజు పొద్దున వెనక బెంచీల మీద మట్టి రాలుతుంటే పైకి చూశారట. పగులు కనిపించిందట. హెడ్మాస్టరు మీటింగుకి వెళ్లారు, బంట్రోతు సెలవులో ఉన్నాడు. బెంచీలన్నీ బోర్డు దగ్గరికి జరిపించి, బోర్డు నడిమధ్య ఎర్ర సుద్దతో 'వెనక బెంచీల్లో ఎవరినీ కూర్చోబెట్టవద్దు, కప్పు పగిలింది' అని రాసి వెళ్లారట. నాకంటే ముందున్న టీచరూ ఆయనా ఏ కబురైనా అలా బోర్డు మీదే చెప్పుకునేవారట. నాకెవరూ చెప్పలేదు.

నేను ఎప్పటిలా తల దించుకుని వెళ్లాను. తుడిచాను. చెయ్యంతా ఎర్రగా అయింది. నాకంటే ముందే ఎవరో దూరి మళ్లీ ఏ కొంటె బొమ్మో వేశారనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పిల్లలు వస్తున్నారు. బెంచీలు బోర్డుకి ఆనుకుని ఉన్నాయి, మెరుపు కొడుతుందని వెనక్కి జరిపించాను. నిచ్చెన తన బెంచీ తనే జరుపుకుంది.

"బోర్డు మీద హెచ్చరిక ఏమైనా చూశారా?" అని అడిగారు. చూడలేదు అన్నాను. అది అబద్ధం కాదు. రాత ఉందా లేదా అని వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. హెడ్మాస్టరు గట్టిగా ఊపిరి వదిలి, "ఆయనకి మతిమరుపని అందరికీ తెలుసు. రాద్దామనుకుని మరిచిపోయి ఉంటారు" అన్నారు. మాస్టారిని పనిలోంచి ఆపేశారు.

బయటికి వస్తుంటే ఆయన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "అమ్మా, నా ఉద్యోగం సంగతి వదిలెయ్. నేను రాశానా లేదా అన్నది ఒక్కటి చెప్పు. నాకు రాసినట్టే ఉంది. ఇంతమంది లేదంటుంటే నా బుర్ర మీద నాకే నమ్మకం పోతోంది. నువ్వు చూశావా?" అని అడిగారు.

చూడలేదండీ అన్నాను. ఆయన తల ఊపి, గొడుగు అక్కడే మరిచిపోయి వెళ్లిపోయారు.

చూడనిది చూడలేదను అన్నావు కదా అత్తా. అన్నాను. మరి ఎందుకు నిద్ర పట్టడం లేదు?

నీ మేనకోడలు


ఆగస్టు 30

ఈ ఉత్తరం అందిన రోజే నువ్వు వెళ్లి చెప్పాలి. అందుకే పలకరింపులు లేకుండా రాస్తున్నాను.

రెండు షిఫ్టులని నాకెందుకు చెప్పలేదే? నేను పనిచేసిన చోట నా బోర్డు మీద నా పిల్లలు తప్ప ఇంకో మనిషి చెయ్యి పడేది కాదు. నేను చదవద్దన్నది పిల్లల కొంటె రాతల్ని. నువ్వు బోర్డంతా చదవడం మానేశావు. కాదు, నీ మీదికి నెట్టడం లేదు. చదవకు, కన్నెత్తి చూడకు అని రాసింది నేనే. బెంచీలు వెనక్కి జరిపించమన్నదీ నేనే. ఆ రోజు నాకు గర్వంగా ఉందని రాశానే, ఆ ఉత్తరం ఉంటే చించెయ్.

చూడలేదు అన్నావు. నిజమే చెప్పావు. నిజం చెప్పి ఒక మనిషికి ఇంత అన్యాయం చేయొచ్చని నాకిన్నాళ్లూ తెలియదు. నిన్ను కాపాడదామని ఆ మాట నేనే నీ నోట్లో పెట్టాను. కప్పు పగుళ్లు చూడనివాళ్లంతా హాయిగా ఉన్నారు, చూసినవాడొక్కడే వీధిన పడ్డాడు.

వెళ్లి చెప్పు. రాత ఉంది, ఎర్రగా ఉంది, నేనే చెరిపాను అని చెప్పు. మా అత్త నేర్పిన పద్ధతి అని కూడా చెప్పు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడికి వచ్చెయ్, నా పక్కనే పడుకుందువుగాని. మాస్టారింటికి కూడా వెళ్లు. విచారణ వాళ్లకి కాగితం చాలు. ఆయనకి నీ నోటి మాట కావాలి.

నాకు కోపంగా ఉంది. నీ మీదో నా మీదో తెలియడం లేదు. భయంగా కూడా ఉంది.

అత్త


సెప్టెంబరు 18

అత్తా,

చెప్పాను. నీ ఉత్తరం అందిన రోజే హెడ్మాస్టరు గదికి వెళ్లాను. ఆయన తలుపు వేసి, "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకమ్మా కెలుకుతావు?" అన్నారు. నేను కదల్లేదు. చివరికి విచారణ చేసినవాళ్లని మళ్లీ పిలిపించారు.

వాళ్లు అంతా విన్నారు. ఒకాయన మాత్రం, "బోర్డు మీద ఏముందో చదివారా?" అని అడిగాడు. లేదన్నాను. "ఎర్రగా ఉన్నదల్లా హెచ్చరికే అవుతుందా? పిల్లల గీతలు కూడా కావచ్చు కదా. మీరే అనుకున్నారుగా, కొంటె బొమ్మ అని" అన్నాడు. అవును, అనుకున్నాను. బెంచీల సంగతి చెబితే, ఊడ్చేవాళ్లు కూడా జరుపుతారు అన్నాడు. పాత నిర్ణయమే ఉంచారు. నీ పేరు చెప్పాను. రాసుకోలేదు.

నన్ను ఉద్యోగంలో ఉంచారు అత్తా. హెడ్మాస్టరు నా గురించి రాసిన దాంట్లో బోర్డు వాడకం మెచ్చదగినదని ఉంది.

నిన్న మాస్టారింటికి వెళ్లాను. చిన్న ఇల్లు, వంటింటి గోడకి పలక ఒకటి వేలాడుతోంది. మందులు వేసుకున్నారు, పాలు పోయించుకున్నారు అని ఆయన భార్య దాని మీద రాసి పెడుతోంది. "ఇదివరకు ఇంత లేదమ్మా. ఆ విచారణ అయ్యాక ప్రతిదానికీ నేను చేశానా, చేశానా అని అడుగుతున్నారు" అంది.

ఆయన పక్కన కూర్చుని, మీరు రాశారండీ, ఎర్ర సుద్దతో రాశారు, నేనే చెరిపేశాను అని చెప్పాను. చెయ్యి ఎర్రగా అయిన సంగతి చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశారు, ఇంకా రంగు ఉంటుందేమో అన్నట్టు.

"ఎర్ర సుద్ద నేనెప్పుడూ వాడతానమ్మా, అందరికీ తెలుసు" అన్నారు. "పోనీ, ఏం రాశానో చెప్పు. చెబితే నమ్ముతాను."

చదవలేదని చెప్పాలి కదా. చెప్పలేక, వెనక బెంచీల్లో ఎవరినీ కూర్చోబెట్టవద్దు, కప్పు పగిలింది అని రాశారండీ అన్నాను. ఆయన కోసం నేను ఆడిన మొదటి అబద్ధం అది.

ఆయన నవ్వారు. ఎంత మంచిగా నవ్వారో అత్తా.

"అది విచారణలో నేను చెప్పిందే కదా తల్లీ. నా మాటే నాకు అప్పజెబుతున్నావు. నా మీద జాలిపడి ఇంత దూరం వచ్చావు, నీ మనసు బంగారం. కానీ వద్దమ్మా. నేను రాసి ఉంటే నువ్వు చదివి ఉండేదానివి. బోర్డు అంత బాగా వాడే పిల్లవి, చదవకుండా ఎందుకు చెరుపుతావు? నేనే మరిచిపోయాను. ఆ పిల్లని నేనే చంపుకున్నాను."

కాదండీ, కాదండీ అంటూనే ఉన్నాను. ఆయన భార్య నన్ను లేపి గుమ్మం దాకా తీసుకొచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుంటే లోపలినుంచి ఆమెని అడగడం వినబడింది, "ఇప్పుడొచ్చిన అమ్మాయి ఎవరు? ఆ పిల్ల వాళ్ల అమ్మా?" అని.

మాకు వేరే గది ఇచ్చారు. అక్కడా పొద్దున ఇంకొకరు పాఠం చెబుతారు. ఇప్పుడు నేను వెళ్లగానే బోర్డు ముందు నిలబడి, బొమ్మలూ బూతులూ కూడికలూ అన్నీ ఈ చివర నుంచి ఆ చివరదాకా చదువుతాను. నా కోసం ఎవరూ ఏమీ రాయడం లేదు.

నీ మేనకోడలు